ఇంతకీ ఏ శారద?

ఏమే చెల్లీ, అంత పెద్ద మాట ఫోన్లో పడేసి, కుక్కరు కూతేసిందని టక్కున పెట్టేశావు! "వదినగారు శారదాంబ అంటున్నారక్కా, అమ్మాయేమో మొహం మాడ్చుకుని కూర్చుంది, అల్లుడు ఎటూ తేల్చడు, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నావు. చెప్పమన్నావు కదా, చెబుతున్నా. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దింపేసి వచ్చి కూర్చో. మధ్యలో లేస్తే ఊరుకోను.

ముందు మీ వియ్యపురాలు వదినగారి సంగతి. నువ్వు ఆవిడ మీద ఊరికే విసుక్కుంటున్నావు. రేపల్లె నుంచి చలిమిడి పట్టుకుని వచ్చి, పిల్లని ఒళ్ళో వేసుకుని, "మా అత్తగారి పేరు పెట్టుకుందాం" అంది. అంతే కదా? ఆ పేరు నోటితో పలికిందా? లేదు. పైకి చెప్పింది అల్లుడని నువ్వే అన్నావు. అత్తగారితో ఒకే కప్పు కింద అన్నేళ్ళు కాపురం చేసి, ఆవిడ పోయి ఏడాది దాటినా ఆ పేరు నోట రానివ్వని మనిషి, అదే పేరు మనవరాలికి కావాలంటోంది. నాకైతే ముచ్చటేసింది. మన పెద్దొదిన గుర్తుందా? మామగారి పేరు సుబ్బారావని, సుబ్బారాయుడి షష్ఠికి మోపిదేవి వెళ్ళొచ్చి కూడా "ఆ షష్ఠికి వెళ్ళొచ్చాం" అనేది. ఏ షష్ఠే అని మనం ఆటపట్టిస్తే కొంగు నోట్లో పెట్టుకుని నవ్వేది గానీ, చచ్చినా పలికేది కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అత్తగారి పేరు పెట్టుకున్న పిల్లని కోడలు ఆ పేరుతో కేకెయ్యలేదు. కోపమొస్తే తిట్టనూ లేదు. అటువైపు ఉన్నది పసిపిల్లే అయినా, పేరు అత్తగారిది కదా! అందుకే ఇంట్లో చిట్టి అనో, అమ్మడు అనో, బుజ్జి అనో, బేబీ అనో ఇంకో పేరు పుట్టుకొచ్చేది. మన పాత గుంటూరు జిల్లా ముద్దుపేర్లలో సగం ఇలా పుట్టినవేనని నా గట్టి నమ్మకం. డెబ్భై ఏళ్ళు దాటినా ఇంకా "బేబమ్మ గారు" అనిపించుకుంటున్నవాళ్ళు బాపట్లలో మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళ అసలు పేర్లు ఓటరు కార్డుకి తప్ప ఎవరికీ తెలియవు.

కాబట్టి మనమ్మాయికి ముందు ఈ ధైర్యం చెప్పు. పేరేదైనా, ఉయ్యాల దగ్గర పిలుపు వేరే. వదినగారు ఎలాగూ "శారదాంబా" అని పిలవదు. "మామ్మా" అంటుంది, లేకపోతే "బంగారూ" అంటుంది.

"అది ముసలమ్మ పేరు పెద్దమ్మా" అని మనమ్మాయి నాకు వాట్సాప్‌లో పెట్టింది. పక్కన ఏడుపు బొమ్మలు. నవ్వొచ్చింది. ఎందుకంటావా? నేనుంటున్న ఈ బాపట్లలో దాదాపు వందేళ్ళ కింద ఒకావిడ, బాగా చదువుకుని, లోకం సంగతులు తెలిసి, నలుగురికీ చెప్పగలిగిన ఆడమనిషిని కాగితం మీద సృష్టించాల్సొచ్చి, ఆ మనిషికి ఏరికోరి పెట్టిన పేరు శారద.

కనుపర్తి వరలక్ష్మమ్మ గారి మాటే చెబుతున్నా. 1896లో ఈ ఊళ్ళోనే పుట్టారు. ఆంధ్రపత్రిక వారపత్రికలో లీలావతి అన్న పేరుతో "మా చెట్టునీడ ముచ్చట్లు" రాసేవారు. మనం ఇప్పుడు చెప్పుకుంటున్న ఈ కబుర్లకి ఆవిడే పెద్దముత్తైదువ అనుకో. ఆ తరవాత మద్రాసులో డాక్టర్ కేసరి గారు గృహలక్ష్మి పత్రిక పెట్టారు. అందులో 1928 నుంచి ఏళ్ళ తరబడి "శారద లేఖలు" రాశారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలవి. ఇంటి పని దగ్గర్నుంచి ఖద్దరు దాకా, ఉప్పు సత్యాగ్రహం దాకా, ఆడవాళ్ళకి విడాకుల హక్కు ఉండాలా వద్దా అన్నదాకా అన్నీ అందులో దొర్లేవి. ఊరికే రాసి ఊరుకోలేదమ్మా. 1931లో ఇక్కడే స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. గృహలక్ష్మి స్వర్ణకంకణం 1934లో మొట్టమొదట అందుకున్నది ఆవిడే.

చూడు, ఆవిడ పేరేమో వరలక్ష్మమ్మ. పండగ పేరు, నిండైన పేరు. ఆ పేరుతోనే కథలు రాశారు, నవలలు రాశారు. కానీ ఉత్తరాలు రాసే మనిషికి మాత్రం తన పేరూ పెట్టలేదు, ఇరుగింటి పేరూ పొరుగింటి పేరూ పెట్టలేదు. అప్పట్లో మన ఊళ్ళల్లో ఆడవాళ్ళ పేర్లు ఎలా ఉండేవో తెలుసు కదూ. వెంకమ్మ, సుబ్బమ్మ, అచ్చమ్మ, పేరమ్మ. పిల్లలు దక్కని ఇంట్లో దక్కాలని పెట్టిన పుల్లమ్మ, పెంటమ్మ, బుచ్చమ్మ. కృష్ణ అవతల మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకుంటే నాగమ్మ, నాగేంద్రమ్మ. కోటప్పకొండకి మొక్కుకుంటే కోటమ్మ, కోటేశ్వరమ్మ. దేవుడికి బాకీ తీర్చుకోడానికో, పోయిన పెద్దల్ని తలుచుకోడానికో పెట్టిన పేర్లవి. ఆ పిల్ల పెద్దయ్యి ఏం చెయ్యాలో చెప్పే పేరు ఒక్కటీ లేదు. శారద అలా వచ్చింది కాదు. ఆడపిల్లకి పలక ఇప్పించాలని తండ్రి మనసులో పడ్డాక వచ్చిన పేరు.

ఆ గాలి అప్పుడు మన జిల్లా అంతా వీచింది మరి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు ఆడపిల్లల చదువుకని 1922లో పెట్టిన సంస్థ పేరేమిటి? శారదా నికేతనం. వేటపాలెంలో 1918లో వెలిసిన గ్రంథాలయం పేరు సారస్వత నికేతనం. ఊరూరా పుస్తకాల గది తెరుచుకుంటోంది, గుమ్మం మీద పలకలో సరస్వతీ తల్లి పేరే. ఇంటికెళ్ళిన తండ్రి కూతురికీ ఆ పేరే పెట్టుకున్నాడు.

ఇంకో తమాషా. 1929లో బాల్యవివాహాల మీద చట్టం వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలన్నారు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. బిల్లు పెట్టింది అజ్మీరు పెద్దమనిషి హరబిలాస్ సార్దా. సార్దా అన్నది ఆయన ఇంటిపేరు. మనవాళ్ళ నోళ్ళల్లో పడి అది శారదా చట్టం అయి కూర్చుంది. చట్టం అమల్లోకొచ్చేలోపే మూడు ముళ్ళూ వేయించేద్దామని దేశమంతా పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు. మన నాయనమ్మ పెళ్ళి ఆ హడావిడిలోదే. "పెళ్ళినాటికి నీకెన్నేళ్ళు నాయనమ్మా" అంటే, "ఏమోనే, పీటల మీద నిద్రపోయాను" అనేది. పాపం, శారద పేరు ఆవిడ మొదటిసారి విన్నది చట్టం పేరుగానే అయ్యుంటుంది. ఆ చట్టం రాకముందే పట్టుకెళ్ళి పెళ్ళి చేసేశారు.

ఆ తరవాత ఈ పేరుకి తోకలు మొలిచాయి. తోక చూసి కాలం చెప్పొచ్చే! శారదాంబ అంటే శృంగేరి అమ్మవారి పేరు. వైదికుల ఇళ్ళల్లో, గురుపీఠం మీద భక్తి ఉన్న ఇళ్ళల్లో ముందు నుంచీ ఉన్నదే. శారదమ్మ అంటే పొలమూ, పాడీ ఉన్న ఇల్లు. పక్కింటివాళ్ళు పిలవడానికి ఎలాగూ "అమ్మ" తగిలిస్తారు కదా, ముందే తగిలించేస్తే పోలా అని. శారదాదేవి వేరే దారిలో వచ్చింది. రామకృష్ణ పరమహంస గారి ఇల్లాలు శారదాదేవి పేరు మీద భక్తి కొంత. బెంగాలీ నవలల మోజు ఇంకొంత. మీ తెనాలి ఐతానగర్ చక్రపాణి గారు శరత్ నవలల్ని తెలుగు చేసి పెడుతుంటే, ఇంటింటా చదివి కళ్ళు తుడుచుకున్నారు. కూతుళ్ళ పేర్ల చివర దేవి చేరింది, కొడుకులు శరత్‌బాబులయ్యారు. స్వరాజ్యం వచ్చాక శారదాకుమారి. మన చిన్నప్పుడు టీచరు హాజరు పిలుస్తుంటే విజయకుమారి, పద్మకుమారి, శారదాకుమారి అంటూ ఆ వరస ఎంతకీ తెమిలేది కాదు. ఇక్కడ బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ గుడికి వెళ్ళే ఇళ్ళల్లో కూడా శారదాకుమారీ, మేరీ శారదా ఉన్నారు. మతం అడ్డు రాలేదు ఆ పేరుకి, చదువుకున్న పేరన్న గౌరవం చాలింది. ఆపైన శారదారాణి. చిట్టచివరికి తోకలన్నీ రాలిపోయి ఉట్టి శారద మిగిలింది. నా కంటికి అందరిలోకీ అందమైనది అదే.

ఇక మీ తెనాలి సంగతికొద్దాం. రోజూ ఆ వీధుల్లోనే తిరుగుతావు, నీకు తెలిసే ఉంటుంది. కానీ మనమ్మాయికి తెలీదు. ఆ తరానికి తెనాలి అంటే రామలింగడూ, శోభితా ధూళిపాళా తప్ప మూడో పేరు తెలీదు.

నటరాజన్ అని ఒక తమిళ పిల్లాడు. పుదుక్కోట్టైలో పుట్టాడు. పన్నెండేళ్ళప్పుడు తండ్రితో తెనాలి వచ్చిపడ్డాడు. హోటళ్ళల్లో సర్వరు పని. మాతృభాష కాని తెలుగుని ఇక్కడే నేర్చుకున్నాడు. ఊరికే మాట్లాడ్డానికి నేర్చుకోవడం కాదమ్మా, కథలు రాసేటంత. "మంచీ చెడూ", "ఏది సత్యం", "అపస్వరాలు" అని నవలలు రాశాడు. ఒకపక్క మూర్ఛ రోగం, ఇంకోపక్క చెప్పుకోలేనంత దరిద్రం. 1955లో, ముప్ఫై ఏళ్ళకే పోయాడు. ఆయన స్నేహితుడు ఆలూరి భుజంగరావు గారు తరవాత ఆయన మీద "సాహిత్య బాటసారి శారద" అని పుస్తకం రాశారు. పేరు చూశావా? శారద. ఆ హోటలు సర్వరు తెలుగు రచయితగా పెట్టుకున్న పేరు అదే. నటరాజన్ అంటే ఎవరికీ తెలీదు, శారద అంటే సాహిత్యం చదివినవాళ్ళందరికీ తెలుసు. పొద్దస్తమానం బల్లలు తుడిచి, ఇడ్లీ సాంబారు అందించి, రాత్రి కూర్చుని పలకా బలపాల తల్లి పేరుతో కాగితం మీద సంతకం పెట్టేవాడు. నాకు ఆ సంగతి తలుచుకుంటే గుండె పట్టేస్తుంది.

రెండో మనిషి సినిమా శారద. 1945లో తెనాలిలోనే పుట్టింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు సరస్వతీదేవి. సినిమాల్లోకి వెళ్ళేసరికి ఆ పేరుతో అప్పటికే వేరేవాళ్ళున్నారని శారద అని మార్చుకుంది. అమ్మవారు ఆవిడే, పేరే పొట్టిదైంది! ఆ పేరుతోనే మలయాళంలోకి వెళ్ళి కేరళని ఏలింది. జాతీయస్థాయిలో ఊర్వశి అవార్డు మూడుసార్లు. తులాభారానికి, స్వయంవరానికి, మన తెలుగు నిమజ్జనానికి. 1996లో మీ తెనాలి నుంచే పార్లమెంటుకి నెగ్గింది. నువ్వు ఓటేశావో లేదో నాకు చెప్పలేదు గానీ, ఆవిడ జీపులో వస్తే మిద్దెలెక్కి చూశామని చెప్పావు.

మన చుట్టుపక్కల సినిమావాళ్ళకి పేరు మార్చుకోవడం కొత్తేం కాదు. దుగ్గిరాలలో పెరిగిన జమున గారి అసలు పేరు జనాబాయి. కానీ శారద సంగతి వేరు. బాపట్ల వరలక్ష్మమ్మ గారు రాసే చేతికి ఆ పేరు తొడిగారు. తెనాలి నటరాజన్ ఆ పేరు పెట్టుకున్నాడు. తెనాలి సరస్వతీదేవి ఆ పేరు పెట్టుకుంది. ముగ్గురిలో ఒక్కరికీ అది బారసాల పేరు కాదు. పెద్దవాళ్ళై, ఒక పనిలో దిగుతూ, కావాలని ఎంచుకున్నదే. వెయ్యి పేర్లుండగా రెండే రెండు ఊళ్ళ మధ్య ముగ్గురు మనుషులు ఎంచుకున్న పేరుని పట్టుకుని "ముసలమ్మ పేరు" అంటే ఎలాగే? అది పుట్టగానే మీద పడ్డ పేరు కాదు, ఇష్టపడి పెట్టుకున్న పేరని చెప్పు మనమ్మాయికి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే నిజానికి. మిగిలినదంతా వాగుడు.

అయినా వాగుతా. మరి ఇంత మంచి పేరు ఎందుకు మూలపడిందంటావా? నా లెక్క ప్రకారం తప్పు ఆ నటిదే. అంటే ఆవిడ నటనది. మనుషులు మారాలి చూశాం కదా. ఆకలికి తాళలేక పిల్లలకి విషమిచ్చే తల్లి. మలయాళం తులాభారంలోనూ ఆవిడే ఆ వేషం వేసింది. హాల్లో ఆడవాళ్ళ వరసలన్నీ ఒకటే ఎక్కిళ్ళు. 1973లో విశ్వనాథ్ గారు ఏకంగా "శారద" అన్న పేరుతోనే సినిమా తీశారు, అందులోనూ కన్నీళ్ళే. అంత బాగా ఏడిచేసరికి పేరుకే తడి అంటుకుంది. శారద అంటే ఓర్చుకునే కోడలు, మొగుడు పట్టించుకోని ఇల్లాలు, తమ్ముళ్ళ కోసం పెళ్ళి మానుకున్న అక్క. వరలక్ష్మమ్మ గారి శారద విడాకుల హక్కు గురించి వాదించిన మనిషి అని ఎవరికి గుర్తుంది? కూతురు ఏడవాలని ఏ తల్లి కోరుకుంటుంది చెప్పు, దాంతో పేరే పక్కకి జరిగింది.

ఈలోపు నవలలొచ్చాయి. యద్దనపూడి సెక్రటరీ చదివి జయంతి అని పెట్టినవాళ్ళెందరో. నువ్వు నీ మొదటి కూతురికి ఏ సీరియల్ చూసి పేరు పెట్టావో నేను ఇక్కడ రాయనులే, భయపడకు. ఆ తరవాత స్వాతులు, శైలజలు, శిరీషలు. ఆపైన మౌనికలు, ప్రత్యూషలు. ఇప్పుడు చూడబోతే శాన్విక, హన్విక, ధన్విక, శార్విక. మొన్న ఇక్కడ ఒక స్కూలు వార్షికోత్సవానికి వెళ్తే, బహుమతులు పిలుస్తుంటే నాకు ఒకే పిల్ల పదిసార్లు స్టేజీ ఎక్కినట్టనిపించింది. వెంకమ్మ, సుబ్బమ్మ, అచ్చమ్మ అంటూ అన్నీ ఒకేలా ఉన్నాయని కదా మన తల్లులు పారిపోయింది? తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం, "అమ్మ" బదులు "విక" వచ్చింది.

మా పెద్దది డల్లాసు నుంచి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వాళ్ళు 1880 నుంచీ ఏ ఏడాది ఏ పేరు ఎక్కువ పెట్టారో జాబితా వేస్తారట. ఎమ్మా అనే పేరు 1880లో మూడో స్థానం. తరవాత ముసలమ్మ పేరయిపోయి 1970లలో ఎక్కడో నాలుగొందలకి అవతలికి జారిపోయింది. 2008కల్లా ఏకంగా మొదటి స్థానం. 2014 నుంచి 2018 దాకా వరసగా అదే మొదటిది. ఇది దానికి ఆశ్చర్యం, నాకు కాదు. అమ్మల పేర్లు ఎవరికీ నచ్చవు, అమ్మమ్మల పేర్లు కొంచెం నచ్చుతాయి, తాతమ్మల పేర్లు ముద్దొస్తాయి. అమ్మ పేరు రేషన్ కార్డు మీద రోజూ కనిపిస్తుంది. తాతమ్మ పేరు ఫోటో కింద మాత్రమే ఉంటుంది. మన దగ్గర కూడా గౌరి, జానకి, వైదేహి మళ్ళీ వస్తున్నాయి చూడు. 2018లో మహానటి వచ్చినప్పుడు సావిత్రి పేరు కుర్రకారు నోట పలకడం విన్నాం కదా. శారద ఇంకా రాలేదు. రాకముందే పెట్టుకుంటే మన పిల్లది ముందు వరస, వచ్చాక పెడితే గుంపులో గోవిందా.

ఇంక పంతులుగారి విషయం. శతభిషం అన్నావు, గో సా సీ సూ. పిల్లది రెండో పాదం కాబట్టి "సా". స అయినా శ అయినా ఒకటే లెక్కన్నారు కదా ఆయన. అంటే మనమ్మాయి కోరుకుంటున్న శార్వికకి ఎంత హక్కుందో శారదకీ అంతే ఉంది. ఆ మాట అల్లుడికి వినపడేలా చెప్పు. లెక్కలు ఇష్టపడే మనిషి, టక్కున ఒప్పుకుంటాడు.

ఇప్పుడు నా తీర్పు చెబుతా. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో తండ్రి చేత రాయించేది ఎలాగూ ఒక్క పేరు కాదు. నక్షత్ర నామం, మాస నామం, పిలుచుకునే పేరు, ఇలా రాయిస్తారు. అక్కడ వదినగారి మాట దక్కించి "శారదాంబ" అని నిండుగా రాయించు. సర్టిఫికెట్లో మాత్రం ఉట్టి "శారద". తోక లేదు, విక లేదు, శ్రీ లేదు, వెనకాల ఇంకో పేరు లేదు. మూడక్షరాలు. బోర్డు పరీక్ష నుంచి బోర్డింగ్ పాసు దాకా ఏ గడిలోనైనా పడుతుంది. అబ్బాయిలకి మల్లే వెంకట సత్యసాయి నాగ అని మూరెడు పేరు పెట్టి, పరాయి దేశంలో మొదటి పేరు ఏది చివరి పేరు ఏది అని పిల్ల తలపట్టుకునే అవస్థ ఉండదు.

ఒక్క జాగ్రత్త. అమెరికా పిల్లల్లాగా దాన్ని పొట్టి చేసి "సారా" అని మాత్రం పిలవనివ్వకు. మా పెద్దదాని స్నేహితురాలి కూతుర్ని అక్కడ అలాగే పిలుస్తారట. సెలవులకి వచ్చినప్పుడు పార్కులో తల్లి "సారా, సారా" అని కేకేస్తుంటే, పక్కన బెంచీ మీద తాతగారు ఉలిక్కిపడి చూశారట. దూబగుంట ఆడవాళ్ళు 1992లో అంత ఉద్యమం చేసింది దేని మీద అనుకున్నావు!

రెండో జాగ్రత్త ఇంగ్లీషు స్పెల్లింగు. ఎస్ తరవాత హెచ్ ఉందా, డి తరవాత హెచ్ ఉందా, అది ఇప్పుడే తేల్చుకోండి. మా వీధిలో ఒక శారదమ్మ గారికి పదో తరగతి సర్టిఫికెట్లో హెచ్ లేదు, ఆధార్‌లో ఉంది, బ్యాంకు పుస్తకంలో రెండు హెచ్‌లున్నాయి. వాళ్ళాయన పోయాక పెన్షను కోసం ఒక ఆఫీసు చుట్టూ ఎంత తిరిగిందో నేను చూశాను. అక్కడి గుమాస్తా "మీరు ముగ్గురమ్మా, ఎవరికివ్వాలి" అన్నాడట. నవ్వేసి ఊరుకుంది గానీ, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది పాపం. చేతిలో ఆ మూడు జిరాక్సులూ. ఆవిడ అదృష్టం కొద్దీ కొడుకు నోటరీ పట్టుకుని అఫిడవిట్ చేయించి పని జరిపించాడు.

ఇప్పుడు 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలుకైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన సర్టిఫికెట్టే ఆధారం. అందులో పడ్డదే అన్నింట్లో పడుతుంది. ఆస్పత్రివాళ్ళు పేరు గడి ఖాళీగా పంపించారన్నావు కదా, కంగారు లేదు. ఏడాది లోపల ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరవాత కూడా పదిహేనేళ్ళ దాకా లేటు ఫీజు కట్టి చేర్పించుకోవచ్చు. అయినా మీ ఆయన సంగతి నాకు తెలుసు. "చూద్దాంలే" అంటే పదిహేనో ఏట చూస్తాడు. అల్లుడికే అప్పగించు. నన్నడిగితే ఎస్ హెచ్ వెయ్యమను, డి పక్కన హెచ్ వద్దు. వదినగారి వైపు కాగితాల్లో వాళ్ళ అత్తగారి పేరు ఎలా ఉందో ఓసారి అడిగి చూడు. ఒకవేళ అలాగే ఉంటే ఆవిడ సంతోషానికి పట్టపగ్గాలుండవు.

ఇది వదినగారికి నువ్వే చెప్పాలి సుమా. నేను చెబితే పెద్ద అక్కగారి పెత్తనం అనుకుంటుంది. ఫోన్లో వద్దు. రేపల్లె బండెక్కి, వేమూరు, భట్టిప్రోలు చూసుకుంటూ పోతే ఎంతసేపు? వెళ్ళి, కూర్చుని, కాఫీ తాగి చెప్పు. "శారదాంబే వదినగారూ, బియ్యంలో అదే రాస్తాం, రికార్డులో మాత్రం శారద అని ఉంటుంది" అను. కాదంటే నా దగ్గరికి పంపించు. వరలక్ష్మమ్మ గారి ఉత్తరాల సంగతి మొదలుపెట్టానంటే ఆవిడే లేచి పోతుంది.

బారసాలకి నేను శనివారం పొద్దున బండికి వస్తున్నా. స్టేషనుకి ఎవరూ రానక్కర్లేదు, ఆటోలో వచ్చేస్తా. శనగలు ముందు రోజు రాత్రే నానబెట్టు, పోయినసారి రాయిలా ఉన్నాయని అందరూ చెవులు కొరుక్కున్నారు. అమ్మాయి మాత్రం ఇంకా శార్వికే కావాలని పట్టుబడితే ఆ బియ్యం పళ్ళెం దగ్గరికి నన్ను పిలవకు, వంటింట్లో పులిహోర కలుపుకుంటా.